గంపకు చెయ్యి వేసినవాళ్ళు

మా కోడలు నా ఫోనులో ఏదో పెట్టింది. పొద్దుగూకి నేను బాల్కనీలో కుర్చీ వేసుకుని కాళ్ళు చాపుకునే వేళకి సరిగ్గా అది చిన్న గంటలా ఒకసారి మోగుతుంది. ఆ తరవాత తెర మీద లేతనీలం రంగు పరుచుకుని, నెమ్మదిగా గాలి పీల్చి వదలమంటుంది, వదిలాక ఈ రోజు మీకు జరిగిన మంచి ఏమిటి, అందుకు ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకుంటారు అని అడుగుతుంది. రక్తపోటుకి మాత్రలు రాసే డాక్టరుగారు సాయంత్రాలు మనసుని కాస్త కుదురుగా పెట్టుకోమన్నారు గనక, ఆ కుదురు ఫోనులో దొరుకుతుందని మా కోడలి నమ్మకం. అమ్మాయిని అనడానికేం లేదు, మంచి ఉద్దేశంతోనే పెట్టింది. నేనూ బడిపంతులమ్మగా రిటైరైన దాన్ని గనక, చెప్పిన పని చెప్పినట్టు చేసే అలవాటు కొద్దీ కొన్నాళ్ళు బుద్ధిగా గాలి పీల్చి వదిలాను. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వొస్తుంది. ఈ పని మా ఇంట్లో కరెంటు కూడా లేని రోజుల్లోనే ప్రతి సాయంత్రం జరిగేది. జరిపించిన మనిషి పలక పట్టి ఎరగదు.

మాది బందరు దగ్గర సముద్రపొడ్డున ఒక పల్లె. మగవాళ్ళు వేటకి వెళ్ళి తెచ్చిన చేపల్ని ఆడవాళ్ళు గంపలకెత్తుకుని, బస్సెక్కి, మాగాణి ఊళ్ళలో రైతుల ఇళ్ళ వెంట తిరిగి అమ్ముకొచ్చేవారు. మా నాయనమ్మ ఆ పని పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి జుట్టు పూర్తిగా నెరిసేదాకా చేసింది. తాతయ్య ఎప్పుడో పోయాడు, నాన్న వేటకి పోయేవాడు, అమ్మ ఇల్లూ మమ్మల్నీ ఇసకలో ఎండబెట్టిన చేపల్నీ చూసుకునేది. నాయనమ్మ మనిషి పొట్టి గానీ గొంతు పొడుగు. వీధి మొదట్లో ఆవిడ చేపలో అని కేకేస్తే చివరింట్లో పడుకున్న పిల్లి లేచి కూర్చునేదని మా నాన్న ఆవిడ ముందే అనేవాడు, ఆవిడ కూడా అది తనకో బిరుదైనట్టు వినేది.

చేపల గంప గురించి ఈ కాలం వాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. నిండు గంపని ఎవరికి వారు నెత్తికెత్తుకోలేరు. నెత్తిన గుడ్డచుట్ట పెట్టుకుని తను వంగి ఒకవైపు పట్టుకుంటే, ఎదుట ఇంకో మనిషి నిలబడి రెండు చేతులూ వేసి లేపాలి. ఒకసారి నెత్తి మీద కుదురుకున్నాక ఇక ఊళ్ళు దాటి నడవచ్చు, కానీ బేరం తగిలిన ప్రతి గుమ్మం ముందూ దించాలి, దించిన ప్రతిసారీ మళ్ళీ ఎత్తడానికి మనిషి కావాలి. చేపలు కావలసినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. బేరమాడి, తూకం మీద ఒక చేప కొసరు వేయించుకుని, తీరా గంపకి చెయ్యి వెయ్యాల్సిన వేళకి వాళ్ళకి లోపల పాలు పొంగుతున్న సంగతి గుర్తొస్తుంది. నీచు నీళ్ళు చీర మీద కారతాయని కొందరు, ఇప్పుడే తలంటుకున్నామని కొందరు, ఊరికే బద్ధకించి కొందరు తలుపేసుకుంటారు. అప్పుడు దారిన పోయేవాళ్ళ కోసం చూస్తూ ఎండలో నిలబడాలి. ఎవరో ఒకరు వస్తారు. సైకిలు గోడకి ఆనించి వచ్చిన పోస్టుమానో, గడ్డిమోపు దించి వచ్చిన రైతుకూలీనో, పుస్తకాలు గట్టు మీద పెట్టి పరిగెత్తుకొచ్చిన బడిపిల్లలో. ఎత్తి, చేతులు తుడుచుకుని, వాళ్ళ దారిన వాళ్ళు పోతారు.

సాయంత్రం ఖాళీ గంపతో తిరిగొచ్చాక నాయనమ్మ చేసే పనులకి ఒక వరస ఉండేది. ముందు బోరింగు దగ్గర గంపని ఇసకా వేపాకూ వేసి, తన ఒళ్ళు తోముకునేదానికంటే శ్రద్ధగా తోమేది. ఆ తరవాత వేణ్ణీళ్ళు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, అరుగు మీద గంపని బోర్లించి, దాని పక్కన కాళ్ళు చాపుకుని కూర్చునేది. అమ్మ లాంతరు వెలిగించి తెచ్చి గోడకి తగిలించేది. అంతవరకూ ఎంత అలసిపోయి వచ్చినా ఆవిడ ఎవరితోనూ మాట్లాడేది కాదు, మేమూ పలకరించేవాళ్ళం కాదు. సముద్రం మీదనించి గాలి వస్తుండగా ఆ తడి గంప మీద కుడిచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ రోజు దానికి చెయ్యి వేసినవాళ్ళందర్నీ వరసగా, మా అందరికీ వినపడేలా తలుచుకునేది. ఆవిడకి వాళ్ళ పేర్లు తెలియవు, ఆనవాళ్ళే తెలుసు.

“బస్సు కాడ గళ్ళలుంగీ ఆయన, సల్లగుండాల. కాలవ వంతెన కాడ ముసలాయన, తనే కర్ర పట్టుకు నడుస్తా, కర్ర కిందెట్టి మరీ ఎత్తాడు, ఆయన మోకాళ్ళు సల్లగుండాల. బియ్యం మిల్లు కాడ మెల్లకన్ను కుర్రోడు, ఆడికి మంచి పెళ్ళాం రావాల.”

ఆ మెల్లకన్ను కుర్రాడికి మంచి పెళ్ళాం రావాలని మేం పిల్లలం కూడా చాలాకాలం కోరుకున్నాం. వచ్చిందో లేదో తెలియదు. ఒకసారి ఒక కండక్టరు, కంపు కొడుతోందని, గంపని సగం దారిలో బస్సు దింపేశాడు. నాయనమ్మ ఎండలో చాలా దూరం నడిచింది. ఆ సాయంత్రం వాణ్ణి ఎలా తిడుతుందోనని మేం చెవులు రిక్కించుకుని కూర్చుంటే వాడి ఊసే రాలేదు. అన్నయ్య ఉండబట్టలేక అడిగాడు. ఎత్తనోళ్ళని తలుసుకోడం మొదలెడితే ఇంక మనం అన్నం తిన్నట్టే అని నాయనమ్మ కొట్టిపారేసింది. నిజంగానే ఆ వరస పూర్తయితే గానీ మా ఇంట్లో కంచాలు పెట్టేవారు కాదు గనక, ఆ జవాబు మాకు సబబుగానే తోచింది. వరస మొదలుపెట్టినప్పుడు గంటు పెట్టుకుని ఉన్న ఆవిడ ముఖం, పూర్తయి లేచేటప్పటికి తేటపడి ఉండేది. మా డాక్టరుగారు చెప్పే కుదురు అదే అయి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ గంపకి రోజూ మొట్టమొదట చెయ్యి వేసేది మా అమ్మ. నాన్న తెచ్చి వాకిట్లో పోసిన చేపల్ని తెల్లారకముందే ఏరి, పెద్దవి అడుగునా చిన్నవి పైనా పేర్చి, తడిగోనె కప్పి, నాయనమ్మ నెత్తికెత్తేది. రోజు మొత్తం మీద అన్నిటికంటే బరువైన ఎత్తు అదే, ఇంకా ఒక్క చేపైనా అమ్ముడుపోని గంప గదా. నీచు నీళ్ళు అమ్మ మోచేతుల మీదుగా జాకెట్టు లోపలిదాకా కారేవి. ఇంతా చేస్తే సాయంత్రం ఆ వరసలో అమ్మ ఊసు ఏనాడూ ఉండేది కాదు.

మా చెల్లెలు కడుపున పడ్డప్పుడు, బరువులెత్తొద్దని అమ్మని నాయనమ్మే కసిరి, పొద్దున్నే పక్కింటి పిన్నిని పిలిచేది. ఆ నెలలన్నీ సాయంత్రం మొదటి దీవెన పక్కింటి పిన్నికే పోయింది. చెల్లెలు పుట్టి, బాలింతతనం వెళ్ళి, అమ్మ మళ్ళీ గంపకి చెయ్యి వెయ్యడం మొదలుపెట్టాక ఆ మొదటి దీవెన ఆగిపోయింది. అది నేను గమనించలేదు. అమ్మ నా తలకి నూనె రాస్తూ, కూరలో ఉప్పు తగ్గింది అన్నంత మామూలుగా చెప్పింది. అప్పటినించీ నాకూ సాయంత్రాలు మునుపటిలా ఉండేవి కావు. నాయనమ్మ వరస మొదలుపెట్టగానే నా చూపు వంటింటి గుమ్మం వైపు పోయేది. అమ్మ ఏ పనిలో ఉన్నా ఆ కాసేపూ గిన్నెల చప్పుడు వినపడేది కాదు. వింటోందని నాకు తెలిసేది. నాయనమ్మ ఆఖరి మనిషిని దీవించి కళ్ళు తెరిచాక మళ్ళీ గిన్నెలు మోగేవి, ఒక్కోసారి అవసరానికి మించి మోగేవి.

నాకు చిన్నప్పుడు నోటికి తాళం ఉండేది కాదు. ఒకరోజు అందరి ముందూ అడిగేశాను, అమ్మని ఎందుకు తలుచుకోవు అని. నాయనమ్మ కళ్ళు తెరిచి, నాకేదో గాలి సోకినట్టు చూసింది.

“ఇంటో చేతికి ఎవరన్నా దణ్ణం పెడతారా పిల్లా? నా ఎడంచెయ్యి నా కుడిచేతికి మొక్కుద్దా? ఇది పరాయోళ్ళకి. ఎత్తాలని ఆళ్ళకేం పట్టింది? అయినా ఎత్తారు, అందుకు.”

ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. మా వైపు ఇంట్లో మనిషికి మేలు చేశావని చెప్పడమంటే వేరు పెట్టినట్టే. అన్నం పెట్టిన తల్లితో కొడుకు ఆ మాటంటే, నేనేమన్నా పరాయిదాన్నట్రా అని ఆ తల్లి రెండు రోజులు ముభావంగా ఉండే కాలం అది. కుడిచెయ్యి అనిపించుకోవడం కంటే కోడలికి గొప్పేముంటుంది అని ఎవరైనా అనవచ్చు. లోపల తాలింపు వేస్తున్న అమ్మకి ఆ జవాబు స్పష్టంగా వినపడింది. అన్నాలయ్యాక కంచాలు కడుగుతూ నాతో అంది.

“ఒక్క పూట పరాయిదాన్నైనా బాగుండునే.”

అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట అంతటితో మర్చిపోయాననే అనుకున్నాను.

ఒక్కసారి మాత్రం అమ్మ పట్టుదలకి పోయింది. ఒక తెల్లారుజామున గంప సర్ది, కావాలనే బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళిపోయింది. నాయనమ్మ వాకిట్లో గంప ముందు చాలాసేపు నిలబడింది గానీ పిలవలేదు. మెలకువగానే పడుకుని చూస్తున్న నన్ను లేపలేదు, పక్కింటి పిన్నినీ కేకెయ్యలేదు. చివరికి మోకాళ్ళ మీద కూర్చుని తనే ఎత్తుకోబోయింది. గంప ఒరిగి చేపలన్నీ ఇసకలో పడ్డాయి. అమ్మ బిందె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి, ఒక్కొక్క చేపనీ కడిగి మళ్ళీ పేర్చి, ఎత్తింది. నాయనమ్మ కొంగు దోపుకుని బస్సుకి నడిచింది. ఆ సాయంత్రం ఏదో ఒకటి బయటపడుతుందని ఇల్లంతా కాచుకుని కూర్చుంది. నాయనమ్మ ఎప్పటిలా గంప మీద చెయ్యి ఆనించి, దారిలో ఎత్తినవాళ్ళని ఎప్పటిలా తలుచుకుని, అన్నానికి లేచింది. దీవెన మాట సరే, తిట్టడానికైనా అమ్మ పేరెత్తలేదు. అమ్మ ఆ తరవాత ఏనాడూ గంప దగ్గర లేకుండా పోలేదు.

ఆ తరవాత కొన్నేళ్ళకి వేట గిట్టుబాటు కాక నాన్న పడవలో తన వాటా వదులుకున్నాడు. అన్నయ్యకి ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్డులో పని కుదిరింది, నాకు బడిలో ఉద్యోగం వచ్చింది, అందరం బెజవాడ చేరి గుణదలలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. సామాను లారీలో మంచాల మీద బోర్లించిన చేపల గంప కూడా వచ్చింది. పట్నంలో దీంతో ఏం చేస్తావని అందరూ వేళాకోళం చేశారు. నాయనమ్మ మాత్రం సాయంత్రమయ్యేసరికి దాన్ని కడిగి, వరండాలో బోర్లించి, చెయ్యి ఆనించి కూర్చునేది. ఎత్తేవాళ్ళు లేరు గనక రిక్షాలో జరిగి చోటిచ్చినామెనీ, కొళాయి దగ్గర తన బిందె ముందు పెట్టనిచ్చిన ఎదురింటావిణ్ణీ తలుచుకునేది. వరస రోజురోజుకీ పొట్టిదవుతూ వచ్చింది. పట్నంలో మంచివాళ్ళు తక్కువని కాదు, ఆవిడ గడప దాటడమే తగ్గిపోయింది.

తరవాత మతిమరుపు పట్టుకుంది. మొదట వీధులు మర్చిపోయింది, తరవాత మమ్మల్ని. నన్ను చూసి, ఇవాళ పండుగప్ప చేపలు లేవమ్మా, రేపు తెస్తా అనేది. నాన్నని చూస్తే కొంగు సర్దుకుని పక్కకి జరిగేది. నడుం పడిపోయాక మంచం మీదనించి లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, కుర్చీలోకి మార్చడం అన్నీ అమ్మే చేసింది. రెండు చేతులూ చంకల కిందికి పోనిచ్చి, ఒక్క ఊపున కాకుండా మెల్లిగా బరువు తన మీదికి తీసుకుని లేపేది. నేను చెయ్యబోతే నాయనమ్మ అమ్మో అని అరిచేది, అమ్మ ఎత్తితే అరిచేది కాదు. అన్నీ మర్చిపోయినా సాయంత్రం గంప మాత్రం పక్కన ఉండాలి. చెయ్యి ఆనించి కూర్చునేది గానీ చెప్పడానికి ఎవరూ గుర్తుకి వచ్చేవారు కాదు, పెదాలు కదిలి ఆగిపోయేవి.

అలాంటి ఒక సాయంత్రం నేను బడినించి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుకుంటున్నాను. అమ్మ వరండాలో లైటు వేసి, మాత్రా నీళ్ళగ్లాసూ పట్టుకుని నాయనమ్మ పక్కన నిలబడి ఉంది. నాయనమ్మ గంప మీద చెయ్యి వేసి, చాలా రోజుల తరవాత తడుముకోకుండా మాట్లాడింది.

“ఎవరో మాతల్లి. పొద్దున్నే నన్ను లేపి కూకోబెట్టింది. నీళ్ళు పోసింది. నొప్పి తెలీకుండా ఎత్తింది, ఎత్తడం తెలిసిన చెయ్యి. ఎవరి బిడ్డో ఏమో, ఆ తల్లి చేతులు సల్లగుండాల, కడుపు సల్లగుండాల.”

చెప్పి కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న అమ్మని చూసింది. ముఖం విప్పారింది.

“నువ్వేనా అమ్మా? కూకో, ఎల్లిపోమాక. మా కోడలు రానీ, ఇంత కూడు పెట్టిస్తా. దానికి చెప్పక్కర్లా, అదే పెట్టుద్ది. అట్టాంటిది మా కోడలు.”

పెళ్ళై వచ్చినప్పటినించీ అత్తా అనే తప్ప ఇంకో పిలుపు ఎరగని మా అమ్మ, వీధిలో వెళ్ళే మనిషి చెప్పినంత మర్యాదగా జవాబు చెప్పింది.

“మీ కోడలు ఇందాకే పెట్టిందండీ. కడుపు నిండా తిన్నాను.”

మాత్ర వేసి, నీళ్ళు తాగించి, మూతి తుడిచి, వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. గట్టుకి ఆనుకుని ఏడుస్తోంది. పల్లెలో కట్టెల పొయ్యి అయితే పొగని సాకు చెప్పుకునేది, గ్యాసు పొయ్యి ముందు ఆ వీలు కూడా లేదు. కాసేపటికి తనే కొంగుతో ముఖం తుడుచుకుని, నేను కోరుకున్నదేగా అంది. నాకు ఆ రోజు నాయనమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. మా కోడలు అట్టాంటిది అన్న ముక్క అమ్మ ఎదుట, ఆవిడే తన కోడలని తెలిసినప్పుడు ఒక్కసారి అని ఉంటే ఏం పోయేది అని రాత్రంతా అనుకున్నాను. ఇప్పుడు ఆ కోపం లేదు. ఆ ఏడుపులో సంతోషం ఎంతో బాధ ఎంతో అమ్మని అడగాల్సింది అనిపిస్తుంది, కానీ అడగడానికి అమ్మా లేదిప్పుడు. నాయనమ్మ పోయాక అమ్మ ఆ గంపని అప్పుడప్పుడూ కడిగి ఎండలో బోర్లించేది. చెయ్యి మాత్రం ఆనించి కూర్చునేది కాదు. ఏదో వానాకాలంలో అది చివికిపోతే వీధి చివర పారేశాం.

ఇప్పుడు కాలం తిరగబడింది. బందరు బస్సుల్లో గంపలు కనపడవు, చేపలు ఐసుపెట్టెల్లో ఆటోలెక్కి వస్తాయి. పెట్టెలకి చక్రాలొచ్చాయి, సరుకులు గుమ్మంలోకే వస్తాయి, నెత్తికెత్తడానికి రెండో మనిషి కోసం ఎండలో ఎదురుచూసే అవసరం ఎవరికీ లేదు. సరుకులు తెచ్చిన అబ్బాయి ముఖం మేం చూడం, అతనూ మా ముఖం చూడడు, తలుచుకుందామన్నా ఆనవాలు దొరకదు. ఇంట్లో మాత్రం మాట మాటకీ థాంక్సులే. మంచినీళ్ళిస్తే మనవరాలు థాంక్యూ నానమ్మా అంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది, నేనేమన్నా పరాయిదాన్నా అని నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ గుర్తొచ్చి ఊరుకున్నాను. పరాయివాళ్ళని తలుచుకునే ఆ వరస పోయిందని నాకు బెంగే, కానీ ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే ఈ మాట ఆ రోజుల్లో లేదే అని కూడా బెంగే. రెండూ ఒక ఇంట్లో ఉన్న కాలం నేను చూడలేదు.

నేనూ నాయనమ్మ చేతుల్లో పెరిగినదాన్నే గనక, ఇన్నేళ్ళూ మా కోడలితో ఆ మాట అనలేదు. నిన్న సాయంత్రం ఫోను మోగింది, నీలం తెర వచ్చి ఎవరికి కృతజ్ఞతలు అని అడిగింది. అదే వేళకి మా కోడలు ఆఫీసునించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తను తాగకముందే నాకు టీ తెచ్చిచ్చింది. రోజూ తెస్తుంది. ఫోను పక్కన పెట్టి, గ్లాసు అందుకుని, నీ చెయ్యి చల్లగుండాలమ్మా, రోజూ నాకోసం ఎంత చేస్తావు అన్నాను. ఆ అమ్మాయి గాభరా పడి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

“ఏమైంది అత్తయ్యా, ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది తల్లీ. నువ్వెవరివో నాకు తెలుసు, తెలిసే అంటున్నా.”